కల్యాణపురంలో కాలినడక

జగిత్యాలలో పుట్టి పెరిగినవాళ్ళను ఎవర్నయినా సరే, మీ వూరికి ఆ పేరెలా వచ్చిందని అడిగి చూడండి. "జాక్, టాల్ అని ఇద్దరు పరాసు ఇంజనీర్లు వుండేవాళ్ళట..." అని మొదలుపెడతారు. పరాసులంటే ఫ్రెంచివాళ్ళు. పాత తెలుగులో అలాగే అనేవారు. ఆ ఇద్దరూ మా ఖిల్లా కట్టారనీ, వాళ్ళ పేర్లు రెండూ కలిసిపోయి జగిత్యాల అయిందనీ కథ. చరిత్ర చదివినవాళ్ళు మాత్రం అదేం కాదు, పక్కనున్న పొలాసను ఏలిన జగ్గదేవుడి పేరే ఇలా మారిందంటారు. పేరు సంగతి ఎలా వున్నా ఖిల్లా సంగతి నిజం. 1747లో జఫరుద్దౌలా అనే ఇబ్రహీం ఖాన్ ధంసా ఫ్రెంచి ఇంజనీర్లను పెట్టి కట్టించిన కోట అది. నక్షత్రంలా మూలలు పొడుచుకొచ్చిన గోడలు, చుట్టూ అగడ్త, పైన ఫిరంగులు. చిన్నప్పుడు మేం ఆ ఫిరంగుల మీద గుర్రమెక్కినట్టు ఎక్కి కూర్చునేవాళ్ళం.

సముద్రం పొడ కూడా లేని మా వూరికి ఈ పరాసువాళ్ళు ఎటునుంచి వచ్చారా అని నాకు ఎప్పట్నించో సందేహం. వాళ్ళు ఈ దేశంలో దిగింది రేవుల్లో. పుదుచ్చేరి, బందరు, యానాం. అక్కణ్ణించి కొలువుల కోసం, యుద్ధాల కోసం లోపలికి వచ్చారు. 1751లో బుస్సీ దొర హైదరాబాదు చేరాక నిజాం దర్బారులో వాళ్ళ మాటే చెల్లింది. బొబ్బిలి యుద్ధం కథ విన్నవాళ్ళకు బుస్సీని నేను కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. ఇంత హడావుడీ చేసినవాళ్ళు చివరికి అన్నీ పోగొట్టుకున్నారు. 1954 దాకా వాళ్ళ జెండా ఎగిరిన తెలుగు వూరు యానాం ఒక్కటే. ఆ వూరు చూడాలనిపించింది.

తోడు మా వదిన. ఆవిడ పుట్టిల్లు సిరిసిల్ల. మగ్గాల చప్పుడు లేకపోతే నిద్ర పట్టదంటుంది. కాకినాడలో రైలు దిగి బస్సెక్కితే గంటలో యానాం. గైడు లేడు. అక్కర్లేదు కూడా. యానాం మొత్తం కలిపి ముప్పై చదరపు కిలోమీటర్లు. పాత వూరు చూడ్డానికి ఒక పూట, గట్టి చెప్పులు, ఒక నీళ్ళ సీసా వుంటే చాలు. మేం నడిచిన వరసలోనే చెబుతాను, మీరు వెళ్ళినప్పుడు పనికొస్తుంది.

మొదట గోదావరి గట్టు మీదికి వెళ్ళండి. మా ధర్మపురిలో మేం మునకలేసే గోదావరే ఇక్కడ గౌతమీ పాయై, ఇటు కోరంగి ఏటిని విడదీసి, సముద్రంలో కలవబోతూ వుంటుంది. అవతలి ఒడ్డు కోనసీమ. 2002లో ఎదుర్లంక వంతెన వచ్చేదాకా అటూ ఇటూ పడవలే గతి.

ఫ్రెంచివాళ్ళు 1723లో ఇక్కడ కోఠీ పెట్టారు. బేరం కుదరక 1727లో వదిలేసి, మళ్ళీ 1731లో వచ్చి పాతుకున్నారు. వాళ్ళు వచ్చింది మన బట్ట కోసం. పక్కనే ఇంజరంలో, నీలపల్లిలో ఇంగ్లీషువాళ్ళ కోఠీలు, అవీ బట్ట కోసమే. నర్సాపురం దగ్గర మాధవాయిపాలెం అని ఒక వూరుంది. ఆ వూరి పేరే మారిపోయి 'మదపొలం' అనే నూలుబట్టగా ఫ్రెంచి నిఘంటువుల్లోకి ఎక్కింది. నీలిమందులో ముంచిన బట్టకు 'గినీ' అని పేరు. అది ఈ తూర్పు తీరం నుంచి ఫ్రెంచి ఓడలెక్కి ఆఫ్రికాలో సెనెగల్ దాకా పోయేది. అక్కడ దాన్నిచ్చి తుమ్మబంక కొనుక్కునేవారు. మగ్గం మీద కూర్చున్నది మగవాడే అయినా, ఆ నూలు వడికింది మాత్రం ఇంటింటా ఆడవాళ్ళే. ఇది చెబితే మా వదిన, "అయితే దొరలు ఓడలేసుకొచ్చింది మా అవ్వల రాట్నం కోసమన్నమాట!" అంది. నిజమే కదా.

ఈ రేవును చంపింది గోదావరి ఒండ్రు, తుఫానులు. 1839 నవంబరు 25న సముద్రం పొంగి కోరంగి రేవును తుడిచిపెట్టింది. కానీ ఈ నీళ్ళ మీద బట్టలే కాదు, మనుషులూ వెళ్ళారు. 1828లోనే యానాం నుంచి తెలుగు కూలీలను హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి, చెరకు తోటల్లో పనికి, తీసుకుపోయారు. తరువాత మారిషస్‌కు, బర్మాకు ఎందరో. అక్కడ తెలుగువాళ్ళని 'కోరంగీలు' అని పిలిచేవారంటే ఎంతమంది వెళ్ళి వుంటారో మీరే వూహించుకోండి.

గట్టు దిగి వూళ్ళోకి నడిస్తే ఫ్రెంచికాలపు పాలనాభవనం కనిపిస్తుంది. ఎత్తైన తలుపులు, లావుపాటి గోడలు. యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషువాళ్ళు యానాంను లాక్కోవడం, సంధి కాగానే తిరిగి ఇచ్చెయ్యడం. నెపోలియన్ పడిపోయాక గానీ ఈ దోబూచులాట ఆగలేదు. ఆ వెంటనే 1819లో ఫ్రెంచి ప్రభుత్వం ఒక నిబంధన చేసింది. భారతీయుల వ్యవహారాలను వాళ్ళ వాళ్ళ కులాచారాల ప్రకారమే తీర్చాలని. వినడానికి ఎంత పెద్దమనిషి తరహాగా వుందో చూడండి. ఈ నిబంధనని కొంచెం గుర్తుపెట్టుకోండి, దీనితో మనకు ముందు పనుంది.

ఓటు కూడా ఇచ్చారు. 1871 నుంచి ఫ్రెంచి ఇండియా మగవాళ్ళు పారిస్ పార్లమెంటుకు ఒక ప్రతినిధిని ఎన్నుకునేవారు. ఆడవాళ్ళకా? అసలు ఫ్రాన్సులో ఆడవాళ్ళకే 1944 దాకా ఓటు లేదు. పుట్టుకలు, చావులు, పెళ్ళిళ్ళు రిజిస్టర్లకెక్కించడంలో మాత్రం ఫ్రెంచివాళ్ళది మహా శ్రద్ధ. కోరుట్ల మా అమ్మగారి వూరు. అక్కడి చేతికాగితం ఒకప్పుడు పట్వారీల లెక్కల పుస్తకాలకు పేరుబడ్డది. కాగితం ఎవరిదైనా, దాని మీద ఆడపిల్ల వయసు ఎంతని రాశారన్నదే నేను వెతికే సంగతి.

అక్కణ్ణించి సెయింట్ ఆన్ చర్చి. 1846లో పూర్తయింది. ఎండలో నడిచి వచ్చినవాళ్ళకు లోపల చల్లగా, నిశ్శబ్దంగా వుంటుంది. రెండు నిమిషాలు కూర్చుని లేవండి. ఎందుకంటే అసలు చోటు ఇంకా ముందుంది.

అది వేంకటేశ్వరస్వామి గుడి. స్వామికి మీసాలున్నాయి. అందుకే 'మీసాల వెంకన్న' అంటారు. ఈ యానాంకు ఒకప్పుడు 'కల్యాణపురం' అని మారుపేరు. వినడానికి ఎంత ముచ్చటగా వుంది! దాని వెనక కథ వింటే ఆ ముచ్చట కాస్తా తీరిపోతుంది.

శారదా చట్టం గురించి మీరు వినే వుంటారు. శారద అనగానే ఎవరో ఆడమనిషి అనుకోకండి. అజ్మీరుకు చెందిన హర్‌బిలాస్ శారదా అనే పెద్దమనిషి తెచ్చిన బిల్లు అది. 1929లో చట్టమై, 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకు పద్నాలుగు, మగపిల్లవాడికి పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేస్తే నెలరోజుల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా. అయితే అది బ్రిటిష్ ఇండియాకు మాత్రమే. కోనసీమ బ్రిటిష్ వాళ్ళది, కాకినాడ బ్రిటిష్ వాళ్ళది. మధ్యలో యానాం ఫ్రెంచివాళ్ళది. అక్కడ ఆ చట్టం చెల్లదు. పైగా ఇందాక చెప్పిన 1819 నిబంధన వుండనే వుంది. కులాచారం ప్రకారం ఎనిమిదేళ్ళ పిల్లకు పెళ్ళి చేస్తామంటే కాదనేవారెవరు?

ఇంకేముంది, పెళ్ళివారంతా యానాం దారి పట్టారు. పడవల్లో, బళ్ళలో పురోహితుడితో సహా దిగడం, మూడుముళ్ళు వేయించడం, తిరిగి వెళ్ళిపోవడం. వూరు వూరంతా పెళ్ళిపందిరయింది. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అని ప్రపంచానికి చాటిన దేశం జెండా నీడలో ఈ పెళ్ళిళ్ళు జరిగాయి.

గుడి అరుగు మీద ఒక పెద్దావిడ పూలు గుచ్చుతూ కూర్చుంది. ఏ వూరమ్మా అంటే జగిత్యాల అని చెప్పి, మాటల్లో పెళ్ళిళ్ళ సంగతి ఎత్తాం. "మా అమ్మదీ ఇక్కడే అయింది. అవతలి ఒడ్డునించి తీసుకొచ్చారంట. ఎనిమిదేళ్ళు. పెళ్ళిలో ఏం గుర్తుందే అమ్మా అనడిగితే, పడవ ఒక్కటే గుర్తుందనేది. పడవలో నిద్రపోతే లేపి పీటల మీద కూచోబెట్టారంట" అంది. సూది ఆపకుండానే చెప్పింది. మా వదిన అక్కడ ఒక మూర పూలు కొంది గానీ, తల్లో పెట్టుకోవడం చాలాసేపటిదాకా మరిచిపోయింది.

ఇదే గోదావరికి కొన్ని మైళ్ళు ఎగువన రాజమండ్రి వుంది. 1881 డిసెంబరు 11న వీరేశలింగంగారు అక్కడ తొలి వితంతు వివాహం జరిపించారు. ఆయన పోరాడింది బాల్యంలోనే భర్తలు పోయిన పసివాళ్ళ కోసం. అర్ధశతాబ్దం గడిచాక కూడా అదే నది దిగువన కొత్తగా పసిపెళ్ళికూతుళ్ళు తయారవుతూనే వున్నారు. హద్దు దాటితే చట్టం మారింది గానీ పిల్ల వయసు మారలేదు కదా!

యానాంవాళ్ళని ఆడిపోసుకోవడం నా వుద్దేశం కాదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి. మా నిజాం ఇలాకా కూడా బ్రిటిష్ ఇండియా కాదు. శారదా చట్టం మాకూ వర్తించలేదు. కాబట్టి మావాళ్ళకు పడవ ఎక్కే అవసరమే రాలేదు. ఇంటి ముందే పందిరి వేశారు.

గుడి నుంచి సంతకు వెళ్ళండి. యానాం సంత మంగళవారం. మంగళవారం వెళితేనే ఈ నడక పూర్తయినట్టు. కూరగాయలు, చేపలు, గాజులు, అరుపులు. పూర్వం విదేశీ సరుకులు, దొంగతనంగా హద్దు దాటే సరుకులు ఇక్కడ దొరుకుతాయని చుట్టుపక్కల జిల్లాలవాళ్ళు ఈ వారం కోసం కాచుకుని వుండేవారట. పెళ్ళీ సరుకూ ఒకే సందులోంచి నడిచాయన్నమాట. ఆ సందు 1954లో మూసుకుపోయింది. ఆ యేడు జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య, మేయర్ మద్దింశెట్టి సత్యానందం ప్రభృతుల నాయకత్వంలో యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. నవంబరు 1న భారత పాలనలోకి వచ్చింది. కాగితాల మీద పూర్తి బదిలీ జరిగింది 1962 ఆగస్టు 16న. ఇప్పుడది పుదుచ్చేరిలో భాగం. గట్టు మీద భారతమాత విగ్రహం వుంది.

తిరుగు ప్రయాణంలో మా వదిన ఒక ప్రశ్న వేసింది. "అప్పట్లో మన దిక్కు ఆడవాళ్ళు ఎవరూ ఏమీ అనలేదా?" అన్నారు. వాళ్ళ వూళ్ళోనే అన్నారు. 1935లో నాలుగో ఆంధ్ర మహాసభ సిరిసిల్లలో జరిగింది. అధ్యక్షులు మాడపాటి హనుమంతరావుగారు. దానితోపాటే జరిగిన మహిళాసభకు మాడపాటి మాణిక్యమ్మగారు అధ్యక్షురాలు. స్త్రీవిద్య, బాల్యవివాహాలు, ఘోషా, ఇవీ ఆ మహిళాసభలు పట్టించుకున్న సంగతులు. చట్టం తోడు లేనిచోట, చదువుకున్న ఆడవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంతమంది వున్న రోజుల్లో, సిరిసిల్లలో కూర్చుని వాళ్ళు ఆ మాట పైకి అన్నారు. యానాంలో పెళ్ళిపడవలు దిగుతున్న రోజులే అవి. మా వదినకు ఈ సంగతి తెలియదు. వాళ్ళ వూళ్ళో చాలామందికి తెలియదు. ఖిల్లా కట్టిన పరాసు ఇంజనీర్ల పేర్లు కథలుగానైనా మాకు నోటికొచ్చు. మాణిక్యమ్మగారి పేరు మాత్రం ఏ వీధిలోనూ వినిపించదు.

1978లో ఆడపిల్ల పెళ్ళివయసు పద్దెనిమిదికి పెంచారు. ఇప్పుడు ఏ ఒడ్డున అయినా అదే లెక్క. మీరు యానాం వెళితే గట్టు, కచేరీ, చర్చి, గుడి, సంత, ఈ వరసలో నడవండి. వెళ్ళలేకపోతే ఇంట్లోనే ఒక పని చెయ్యండి. మీ అమ్మమ్మగారు వుంటే, ఆవిడ తల్లి పెళ్ళి ఎన్నో యేట, ఏ వూళ్ళో అయిందో అడిగి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.