ఐర్లండ్‌లో మోటార్ న్యూరాన్ వ్యాధి పరిశోధన

మెదడులోనూ వెన్నుపాములోనూ ఉండి కండరాలను కదిలించే నాడీకణాలు క్రమంగా నశించిపోయే జబ్బు మోటార్ న్యూరాన్ వ్యాధి. దీనిలో ఎక్కువగా కనిపించే రూపం ఏఎల్‌ఎస్. చేతిలో పట్టు సడలడంతోనో, నడకలో కాలు తడబడడంతోనో, మాట ముద్దగా రావడంతోనో మొదలై, చివరికి ఊపిరి తీసే కండరాలదాకా పాకుతుంది. 19వ శతాబ్దంలో ఫ్రెంచి వైద్యుడు షార్కో వర్ణించిన నాటి నుంచి ఇది కండరాల కదలికకు మాత్రమే సంబంధించిన జబ్బని వైద్యలోకం నమ్ముతూ వచ్చింది. ఆ నమ్మకాన్ని సడలించిన పరిశోధనలో గణనీయమైన భాగం ఐర్లండ్‌లో జరిగింది. దానికి నాయకత్వం వహించింది డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాల ఆచార్యురాలు, బోమాంట్ ఆసుపత్రి నాడీవైద్యురాలు ఓర్లా హార్డిమన్.

ఆమె పనికి పునాది 1990లలో మొదలైన జాతీయ రిజిస్టర్. దేశంలో ఈ జబ్బు నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరినీ, ఏ మూల ఏ వైద్యుడు చూసినా సరే, అందులో నమోదు చేస్తారు. దీని విలువ ఎంత చెప్పినా తక్కువే. పెద్ద ఆసుపత్రులకు ప్రయాణం చేసి రాగలిగేది సాధారణంగా వయసులో చిన్నవారు, జబ్బు నెమ్మదిగా ముదిరేవారు. వాళ్లనే లెక్కలోకి తీసుకుంటే జబ్బు అసలు స్వరూపం తెలియదు. తెలుగు పాఠకులకు ఈ వ్యాధి స్టీఫెన్ హాకింగ్ ద్వారా పరిచయం. కానీ ఆయనలా అర్ధశతాబ్దం బతకడం అత్యంత అరుదు. ఎక్కువమందికి లక్షణాలు మొదలయ్యాక మిగిలేది రెండు నుంచి నాలుగేళ్లు. 1995-97 మధ్య నమోదైన ఐరిష్ రోగుల వివరాలు 1999లో వెలువడ్డాయి. ఏటా లక్ష మందిలో సుమారు ఇద్దరికి ఈ జబ్బు కొత్తగా వస్తోందని తేలింది.

రిజిస్టర్ వల్లనే మరో ముఖ్యమైన సంగతి బయటపడింది. నాడీవైద్యులు, నర్సులు, ఫిజియోథెరపిస్టులు, ఆహార నిపుణులు, మాట, మింగుడు సమస్యలు చూసే నిపుణులు ఒకేచోట కలిసి పనిచేసే క్లినిక్‌లో చికిత్స పొందినవారు, మామూలు నాడీవైద్య విభాగాలలో చూపించుకున్నవారికంటే సగటున ఏడున్నర నెలలు ఎక్కువ బతికారని 2003లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. క్లినిక్‌కు వచ్చినవారు వయసులో చిన్నవారే, రిలుజోల్ మందు వాడినవారూ వారిలోనే ఎక్కువ. ఆ తేడాలను సరిచేసి లెక్కించినా ఫలితం నిలిచింది. నయం చేసే మందు లేని జబ్బులో శ్రద్ధగా, సమష్టిగా చేసే సేవే ఆయుష్షు పెంచుతుందని నిరూపించిన ఈ పని, నా దృష్టిలో, ఏ జన్యు ఆవిష్కరణకూ తీసిపోదు.

ఆ అధ్యయనాలలో ముందున్న యువ వైద్యుడు బ్రయన్ ట్రేనర్ తర్వాత అమెరికా వెళ్లాడు. 2011లో సీ9ఓఆర్ఎఫ్72 అనే జన్యువులోని లోపాన్ని గుర్తించిన రెండు బృందాలలో ఒకటి ఆయనదే. ఆ జన్యువులో ఒక చిన్న అక్షరక్రమం వందలు, వేలసార్లు పునరావృతమవుతుంది. ఏఎల్‌ఎస్‌కూ, ప్రవర్తననూ భాషనూ దెబ్బతీసే ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియాకూ ఇది ఒక ఉమ్మడి కారణం. ఐరిష్ రోగులలో దాదాపు పదిమందిలో ఒకరికి ఈ లోపం ఉంది. మరుసటి ఏడాది వచ్చిన ఐరిష్ అధ్యయనం ప్రకారం ఏఎల్‌ఎస్ రోగులలో సుమారు 14 శాతం మందికి డిమెన్షియా కూడా ఉంది. మరో మూడోవంతు మందిలో ఆలోచనాశక్తి కొంత తగ్గింది. కదలికల జబ్బనుకున్నది మెదడులోని ఇతర భాగాలనూ తాకుతోందన్నమాట.

హార్డిమన్ బృందం అక్కడితో ఆగకుండా రోగుల కుటుంబ చరిత్రలను తవ్వింది. వారి దగ్గరి బంధువులలో స్కిజోఫ్రీనియా వంటి మానసిక వ్యాధులు ఎక్కువగా కనిపించాయి. ఏఎల్‌ఎస్‌కూ స్కిజోఫ్రీనియాకూ మధ్య జన్యుపరమైన పోలిక ఉందని 2017లో ట్రినిటీ పరిశోధకుల నాయకత్వంలో జరిగిన అధ్యయనం చూపింది. ఏఎల్‌ఎస్ కేవలం కొన్ని కణాల చావు కాదని, మెదడు భాగాలను కలిపే అల్లికలే చెదిరిపోవడమని హార్డిమన్ వాదిస్తారు. ఆ చెదరడాన్ని ముందుగానే పసిగట్టేందుకు ఆమె సహచరులు ఈఈజీ పరీక్షలు వాడుతున్నారు.

ఐర్లండ్ ప్రజలకు ఈ జబ్బు దగ్గరగా తెలిసింది జాతీయ ప్రసార సంస్థ ఆర్‌టీఈకి చెందిన ఇద్దరి వల్ల. క్రీడా వ్యాఖ్యాత కోలమ్ మరీ ఈ జబ్బుతో 2013లో మరణించాడు. జబ్బుతోనే 2022లో క్రో పాట్రిక్ కొండెక్కి విరాళాలు సేకరించిన పాత్రికేయుడు చార్లీ బర్డ్ 2024లో కన్నుమూశాడు.

ఎస్ఓడీ1 జన్యులోపం ఉన్నవారికి టోఫెర్సెన్ అనే మందు 2023లో అమెరికాలో ఆమోదం పొందింది. కానీ ఐర్లండ్‌లో ఆ లోపం చాలా అరుదు. అక్కడ ఎక్కువగా కనిపించే సీ9ఓఆర్ఎఫ్72 లోపం మీద ప్రయోగించిన మందు ఒకటి 2022లో విఫలమైంది. ఏ రోగికి ఏ చికిత్స సరిపడుతుందో తేల్చేందుకు, పలు ఐరోపా దేశాల ఆసుపత్రుల సమాచారాన్ని ఒకచోట చేర్చే ప్రెసిషన్ ఏఎల్‌ఎస్ పథకం 2021లో ట్రినిటీ నాయకత్వంలో మొదలైంది.