టిక్కెట్టు మీది ముఖం, రాత్రి వీధిలో కెమెరా

పోర్ట్ లూయీ నగరంలో సాయంత్రం అయిదు దాటితే ఆఫీసులవాళ్ళు బస్సులెక్కి ఊళ్ళకు వెళ్ళిపోతారు. ఏడయ్యేసరికి పెద్ద వీధులు సగం ఖాళీ. అయినా మన పిల్లలు కొందరు సరిగ్గా ఆ వేళకే కెమెరాలు భుజాన వేసుకుని బయలుదేరుతున్నారు. చైనాటౌన్ దీపాలు, కోదాన్ రేవుకు షికారు వచ్చినవాళ్ళు, బండి దగ్గర ధోల్ పురీ చుట్టి ఇచ్చే ముసలాయన, ఇవీ వాళ్ళు పట్టుకొచ్చే బొమ్మలు. “రాత్రిపూట ఆ వీధుల్లో ఏముందర్రా?” అని పెద్దవాళ్ళం అడిగాము. అడిగాక మాకే తోచింది: ఈ దీవిలో వీధికీ, ఫొటోకూ, మన కుటుంబాలకూ ఉన్న సంబంధం ఇవాళ్టిది కాదు గదా అని. ఆ సంగతి చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

1834 మొదలు 1910 వరకు కూలి ఒప్పందాల మీద భారతదేశం నుంచి మారిషస్ చేరినవారు సుమారు నాలుగున్నర లక్షల మంది. 1849లో కట్టడం మొదలైన పోర్ట్ లూయీ డిపో గుండా లోపలికి వచ్చినవారే అందులో అత్యధికులు. ఆ డిపోనే మనం ఆప్రవాసి ఘాట్ అంటున్నాము. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. గంజాం, విశాఖపట్నం, గోదావరి సీమల నుంచి వచ్చిన మనవాళ్ళను కోరంగి రేవు పేరుతో కోరంగీలు అని పిలిచేవారు. పదహారు మెట్లెక్కి వచ్చిన మనిషికి పేరుకన్నా ముందు ఒక నంబరు దక్కేది. పేరు రాసే గుమాస్తాకు తెలుగు రాదు కనుక ఒక్కొక్క పేరు మూడు విధాల మారింది. నంబరు మాత్రం మారలేదు.

1867లో, గవర్నర్ బార్క్లీ హయాంలో, ఒక చట్టం వచ్చింది. ఒప్పందం గడువు ముగించుకుని సొంత బతుకు బతుకుతున్న పాత కూలీలు ప్రతి ఒక్కరూ టిక్కెట్టు ఒకటి దగ్గర ఉంచుకోవాలి, ఆ టిక్కెట్టు మీద వారి ఫొటో అంటించి ఉండాలి. ఏ జిల్లాలో ఉంటారో పోలీసు పాసులో రాయించుకోవాలి. టిక్కెట్టు ఇంట్లో మరిచిపోయి వీధిలోకి వచ్చినవాడు దేశదిమ్మరి కింద జమ. కూరలు అమ్ముకునేవాడైనా, చుట్టం ఇంటికి పోయేవాడైనా పట్టుకునిపోయేవారు. శిక్ష పడినవారిని ఉంచడానికి గ్రాండ్ రివర్ దగ్గర ప్రత్యేకంగా ఒక డిపోయే ఉండేది.

ఆ ఫొటోలు అనేకం మోకాలోని మహాత్మా గాంధీ సంస్థ భద్రపరచిన వలస పత్రాల్లో ఉన్నాయి. మా తాతగారి తాతగారి ముఖాన్ని మేము అక్కడే మొదటిసారి చూశాము. తలపాగా, బిగించిన పెదవులు, సూటిగా మనవైపే చూపు. మా ఇంట్లో చిన్నపిల్ల ఆ కాగితం చేతిలోకి తీసుకుని “తాతయ్య ఎందుకు నవ్వలేదు?” అని అడిగింది. ఆనాటి తడి గాజు పలకల పద్ధతిలో కొన్ని సెకన్లు కదలకుండా కూర్చోవాలి, అందుకని నవ్వులు కుదరవు అని చెప్పాము. అది నిజమే కాని సగం నిజం. ఆ ఫొటో ఆయన అడిగి తీయించుకున్నది కాదు, పోలీసు పోల్చుకోవడానికి తీసినది. అయినా ఆ చట్టం లేకపోతే ఆయన ముఖం మాకు దక్కేదే కాదు. ఈ మాట ఒప్పుకోవడానికి మాకు కష్టంగానే ఉంటుంది.

మనవాళ్ళు ఊరుకోలేదు. అడాల్ఫ్ ద ప్లేవిట్జ్ అనే తోటల యజమాని తోడ్పాటుతో 1871లో 9,401 మంది పాత కూలీలు గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు. ఫలితంగా 1872లో రాజ విచారణ సంఘం వచ్చింది. 1875 నాటి దాని నివేదిక ఈ టిక్కెట్టు బాధలన్నిటినీ బయటపెట్టింది. 1878లో కూలి చట్టాన్ని సవరించారు.

ఆ పత్రాల్లో పగటి ముఖాలే ఉన్నాయి. రాత్రి వీధిలో నిలబడిన మనిషిని ఫొటో తీయడం ఆ రోజుల్లో దాదాపు కుదరని పని. పగలే పలకకు వెలుగు చాలేది కాదు. చాలాకాలం తరువాత పారిస్‌లో బ్రసాయ్ అనే ఛాయాగ్రాహకుడు ఆ పని సాధించాడు. హంగేరియన్ కుటుంబంలో పుట్టిన ఆయన రాత్రంతా వీధులు తిరిగి, వంతెనలను, దీపస్తంభాలను, ఫలహారశాలల్లోని మనుషులను గాజు పలకల మీదికి ఎక్కించి 1933లో ‘పారి ద నుయి’ అనే పుస్తకం వెలువరించాడు. షట్టరు ఎంతసేపు తెరిచి ఉంచాలో సిగరెట్టు కాలే సమయంతో లెక్క కట్టేవాడట! మనుషులను తీసేటప్పుడు మాత్రం కదలవద్దని చెప్పి, మెరుపు పొడి వెలిగించవలసి వచ్చేది. అంటే చెప్పకుండా తీయడం ఆయనకు సాధ్యమే కాదు.

ఆ ఇబ్బంది తీర్చినది డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరా. 2008లో నికాన్ డి90 వచ్చింది, ఈ తరహా కెమెరాల్లో చలనచిత్రం కూడా తీసినది అదే మొదటిది. ఆ వెంటనే కానన్ 5డి మార్క్ 2 వచ్చింది. దాని లోపలి గ్రాహక ఫలకం పాత 35 మిల్లీమీటర్ల ఫిల్ము ఫ్రేమంత, 36కు 24 మిల్లీమీటర్లు. అప్పటి చేతి వీడియో కెమెరాల ఫలకం దాని ముందు గోరంత. ఫలకం పెద్దదైతే చీకట్లోనూ వెలుగు ఎక్కువ దొరుకుతుంది. ఎఫ్ 1.4 లెన్సు తగిలిస్తే వీధి దీపం ఒక్కటీ చాలు. విన్సెంట్ లాఫొరే ఆ ఏడాదే ఆ కెమెరాతో న్యూయార్క్ రాత్రిని ‘రెవెరీ’ అనే కొద్ది నిమిషాల చిత్రంగా తీసి చూపాడు. తరువాత కుర్రకారంతా వీధుల్లోకి దిగారు. ఇప్పుడు అద్దం లేని కెమెరాలు వాటి చోటు ఆక్రమిస్తున్నాయి గాని, మన పిల్లల చేతుల్లో ఉన్నవి చాలావరకు చవకగా దొరికిన ఆ పాత కెమెరాలే.

వాళ్ళు నేర్చుకున్న కిటుకు ఒకటి చెప్పాలి. మన దీవిలో కరెంటు 50 సైకిళ్ళది, కాబట్టి ట్యూబులైట్ల వెలుగు సెకనుకు నూరుసార్లు అదురుతుంది. సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు సెకనులో యాభయ్యో వంతు పెడితే ఆ అదురు బొమ్మలో కనిపించదు. 5డి మార్క్ 2 మొదట 30 ఫ్రేములే తీసేది. 25 ఫ్రేముల సదుపాయం 2010లో గాని రాలేదు.

ఇంకొక విశేషం ఉంది. ఈ కెమెరాలో వీడియో తీసేటప్పుడు లోపలి అద్దం పైకి లేచిపోతుంది, కన్ను పెట్టి చూసే కిటికీ చీకటవుతుంది. కెమెరాను ముఖం ముందు నుంచి దించి, వెనుక తెరమీద చూసుకుంటూ తీయాలి. తీసేవాడి ముఖం ఎదుటివాడికి కనబడక తప్పదు. ఇది మాకు ఎంతో నచ్చింది.

2015 డిసెంబరులో పోర్ట్ లూయీ వీధుల్లో ‘పోర్ల్వీ బై లైట్’ అనే దీపాల ఉత్సవం మొదటిసారి జరిగింది. పాత కట్టడాల గోడలమీద రంగుల వెలుగులు, ఇసుక వేస్తే రాలని జనం. మా పిల్లలు కెమెరా పట్టింది ఆ రాత్రే. వెలుగులన్నీ తీశాక, ఒక మూల గాతో పిమా వేయిస్తున్న పెద్దాయనను ఆయనకు చెప్పకుండా తీయబోయారు. ఆయన జల్లెడ గరిటె పక్కన పెట్టి, అరచేతితో ముఖం కప్పుకున్నాడు. పిల్లలు సిగ్గుపడి అప్పటికప్పుడు ఆ ముక్కను చెరిపేసి ఆయనకు చూపించారు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే, మేము మాటాడకుండా బీరువాలోని టిక్కెట్టు ఫొటో నకలు తెచ్చి వాళ్ళ ముందు పెట్టాము.

మరునాడు రాత్రి వాళ్ళు కెమెరా సంచీలోనే ఉంచి మళ్ళీ వెళ్ళారు. “తోంతోన్” అని పిలిచి (క్రియోల్‌లో మనం పెద్దవాళ్ళను అలాగే పిలుస్తాము గదా) నాలుగు గాతో పిమాలు కొని, తింటూ కబుర్లలో పడ్డారు. తీయవచ్చా అని అడిగారు. “ఎక్కడ పెడతారు? ఎవరు చూస్తారు?” అని ఆయన ఎదురడిగాడు. చెప్పారు. ఆయన మూకుడు కింద మంట తగ్గించి, భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుని, కొత్త టోపీ పెట్టుకుని నిలబడ్డాడు. రెండు నిమిషాల బొమ్మ. అందులో ఆయన ఒకచోట నవ్వాడు కూడా.

వారం తిరిగాక, అందులో నుంచి ఒక చిత్రాన్ని కాగితం మీద అచ్చు వేయించి తీసుకెళ్ళి ఇచ్చారు. బండి గాజుపెట్టె లోపల, ధరల పలక పక్కన, దాన్ని ఆయనే అంటించుకున్నాడు.