ఖైనీ పొట్లముపై తేలు
2009 మే 31 నుండి మన దేశమున ఖైనీ, గుట్కా పొట్లములపై తేలు బొమ్మ ముద్రింపవలెనని కేంద్ర ప్రభుత్వము నిర్బంధించినది. పొట్లపు ముఖభాగమున నూటికి 40 వంతులు ఆ హెచ్చరికకే విడిచిరి. చోటునకు లోటు లేదు, లోపమంతయు ఊహలోనిదే. తేలు కుట్టిన తక్షణమే మంట పుట్టును. పెక్కుమందికి మరునాటికి ఉపశమించును. పొగాకు తెచ్చు నోటి కాన్సరు తీరు వేరు. తొలిదశలో తరచు నొప్పియే తెలియదు, ఏండ్లమీద ముదురును. చదువు రానివారి కొరకే గదా బొమ్మ! అగ్గిపెట్టెలపై జంతువుల బొమ్మలు చూచి సరకును గుర్తుపట్టుటకు అలవాటుపడిన వారు తేలును కూడ ఒక మార్కుగా భావించినచో తప్పెవరిది? జ్యోతిషము తెలిసినవారికి వృశ్చికరాశి స్ఫురించియుండును. 2011 డిసెంబరులో తేలు తొలగి, రోగగ్రస్తమైన నోటి చిత్రములు వచ్చినవి. అంతవరకు రెండున్నర ఏండ్లు ఆ పొట్లములు తేలుతోనే చేతులు మారినవి.