బాణీ మిగిలింది, నేర్పేవాళ్లు పోయారు: వేల్స్ ఫిడేలు కథ

ఇవాళ ఇంగ్లండ్ పక్కనే ఉన్న వేల్స్‌కి వెళ్దాం. అక్కడ ఇద్దరు ఫిడేలు కళాకారులు కలిసి పాత జానపద బాణీ వాయిస్తున్నారనుకోండి. ఒకరు వాయించేది బాణీ. మరి రెండోవాళ్లు వాయించేది ఎక్కడి నుంచి వచ్చింది?

పాత రాతప్రతిలో అయితే అది లేదు. 1752లో జాన్ థామస్ అనే ఫిడేలు కళాకారుడు 500కి పైగా బాణీలు రాసిపెట్టుకున్నాడు. అన్నీ వేల్స్‌వే కాదండోయ్, ఇంగ్లిష్ డాన్స్ బాణీలూ ఉన్నాయి. కాస్ మ్యూరిగ్ అనే కళాకారిణి 2004లో దాన్ని అచ్చులోకి తెచ్చారు. స్వరాలున్నాయి, కానీ కమాను ఎలా లాగాలో, పక్కవాళ్లు ఏం వాయించాలో చెప్పేవాళ్లు లేరు. ఉద్యోగంలో ఉన్నప్పుడు, మానేసి వెళ్లిపోయినవాళ్ల కోడ్ నా నెత్తిన పడేది చూడండి, అచ్చం అలాగే.

ఎందుకిలా అయింది? 18వ శతాబ్దంలో మెథడిస్ట్ బోధకులు ఊరూరా తిరిగారు. వాళ్ల లెక్కలో ఫిడేలు అంటే డాన్స్, డాన్స్ అంటే పాపం. 1802లో ఎడ్వర్డ్ జోన్స్ అనే హార్ప్ విద్వాంసుడు, మా సంగీతం పడిపోవడానికి కారణం ఈ బోధకులేనని పుస్తకంలోనే తిట్టిపోశాడు. కాస్త ఎక్కువ చెప్పాడేమో అని నా డౌట్. అబ్రమ్ వుడ్ అనే రోమా కళాకారుడి వంశం తరతరాలుగా ఫిడేలు, హార్ప్ వాయిస్తూనే ఉంది. అయినా చాలాచోట్ల గురువు నుంచి శిష్యుడికి అందే దారి తెగిపోయింది.

ఇప్పుడు రెండో ఫిడేలు సంగతి. ఫిడేలు కంటే ముందు వేల్స్‌లో క్రూత్ అనే వాయిద్యం ఉండేది. ఆరు తీగలు. తీగల కింద బ్రిడ్జ్ దాదాపు చదునుగా ఉంటుంది కాబట్టి కమాను ఒకేసారి చాలా తీగలకు తగులుతుంది. పాట కింద శ్రుతి మోగుతూనే ఉంటుంది, మన శ్రుతిపెట్టెలా. 1770 నాటికే దాన్ని వాయించేవాళ్లు దాదాపు అయిపోయారు. ఇప్పుడు ఇద్దరు కలిసినప్పుడు ఒక దారి ఏంటంటే, ఒకరు బాణీ ఎత్తుకుంటే మరొకరు కింది తీగల మీద ఆ మోత పట్టుకుంటారు.

ఇది అసలైన సంప్రదాయమేనా అని అడిగితే, జాన్ థామసే పక్క దేశం బాణీలు కలుపుకున్నాడు కదా, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే పుస్తకంలోది ఎంత, తాము అల్లుకున్నది ఎంత, ఆల్బమ్ మీద రాస్తే బాగుంటుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ముందు బాణీని వదిలేసి, కింద మోగేదాన్ని పట్టుకోండి.