మోడల్ రాకెట్

అట్ట గొట్టం, బల్సా చెక్క, ప్లాస్టిక్ వంటి తేలిక వస్తువులతో చేసి, కర్మాగారంలో తయారైన చిన్న ఘన ఇంధన మోటారుతో పైకి పంపి, పారాషూట్‌తో దించుకుని, మోటారు మార్చి మళ్లీ ఎగరేసేది మోడల్ రాకెట్. దీపావళి తారాజువ్వకూ దీనికీ తేడా అక్కడే ఉంది. జువ్వ పోతే పోయినట్టే, మోడల్ రాకెట్ మాత్రం తిరిగి రావాలి. కొత్తగా నేర్చుకునేవారి కోసం కోసి సిద్ధం చేసిన భాగాలను ఒక పెట్టెలో అమ్ముతారు. దాన్ని కిట్ అంటారు. మోటారు అందులో సాధారణంగా ఉండదు, విడిగా కొనాలి. మన దేశంలో చిక్కంతా ఆ మోటారుతోనే.

చరిత్ర

రాయలసీమకు రాకెట్ కొత్త కాదు. 18వ శతాబ్దం చివరి భాగంలో కడప సీమ కొన్నేళ్లు మైసూరు ఏలుబడిలో ఉంది. హైదర్ అలీ, టిపు సుల్తాన్ సైనికులు ఇనుప గొట్టంలో మందు కూరి, పొడవాటి వెదురు బద్దకు కట్టి శత్రువు మీదికి వదిలేవారు. 1780లో కాంచీపురం దగ్గర పొల్లిలూరు యుద్ధంలో ఈస్టిండియా కంపెనీ సేన వీటి దెబ్బ చవిచూసింది. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక దొరికిన రాకెట్లను ఇంగ్లండుకు తీసుకెళ్లారు. అక్కడ విలియం కాంగ్రీవ్ చేసిన రాకెట్లకు అవే ప్రేరణ. 

వినోదం కోసం ఎగరేసే రాకెట్ పుట్టింది మాత్రం అమెరికాలో. నెబ్రాస్కా రాష్ట్రంలో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్‌కు బాణసంచా అంటే సరదా, అతని సోదరుడు రాబర్ట్‌కు మోడల్ విమానాలంటే సరదా. ఆ రెండూ కలిసి 1954లో మొదటి మోడల్ రాకెట్ తయారైంది. వైట్ శాండ్స్ క్షిపణి కేంద్రంలో పనిచేసిన హ్యారీ స్టైన్, ఇంట్లో మందు కలిపి పిల్లలు ప్రమాదాల పాలవుతున్నారని రాసిన వ్యాసం చూసి, కార్లైల్ తన నమూనాలను ఆయనకు పంపాడు. అలా 1957లో వ్యాపారం మొదలైంది. తర్వాత వెర్న్ ఎస్టెస్ మోటార్లను యంత్రంతో చేయడం మొదలుపెట్టి ధర తగ్గించాడు. ఈ సరదా పుట్టిందే భద్రత కోసమన్న సంగతి చాలామంది మర్చిపోతారు.

కట్టడం

కిట్‌లో ముక్కు, గొట్టం, మూడో నాలుగో రెక్కలు, మోటారు కూర్చునే గూడు, సాగే తాడు, పారాషూట్, గొట్టం పక్కన అతికించే స్ట్రా లాంటి చిన్న నాళం ఉంటాయి. అట్టకూ బల్సాకూ ఫెవికాల్ వంటి తెల్ల జిగురు చాలు. ముందు గూడు అతికించాలి. మోటారు తోపు మొత్తం పడేది అక్కడే కాబట్టి అది కదలకుండా ఉండాలి.

తర్వాత రెక్కలు. అసలు ఓపిక కావలసింది ఇక్కడే. గొట్టం చుట్టూ సమాన దూరంలో గుర్తులు పెట్టి, తలుపు చట్రం మూలలో ఆనించి నిలువు గీతలు గీస్తే వంకర రాదు. చెక్క ఈనె రెక్క ముందు అంచు వెంబడి సాగాలి. అడ్డంగా ఉంటే నేల తాకగానే విరుగుతుంది. జిగురు ఆరాక మూలల్లో మరో పూత వేస్తే పట్టు పెరుగుతుంది. రెక్క ఒక్కటి వాలినా రాకెట్ గిరగిరా తిరుగుతుంది, ఎత్తు తగ్గుతుంది. రంగు చివర చూసుకోవచ్చు. మందంగా వేస్తే బరువు పెరుగుతుంది తప్ప లాభం లేదు.

తారాజువ్వకు పుల్ల చేసే పనే ఇక్కడ రెక్కలు చేస్తాయి. గాలి ఒత్తిడి కేంద్రం రాకెట్ బరువు కేంద్రానికి వెనక ఉండాలి. రెండిటి మధ్య కనీసం గొట్టం వ్యాసమంత దూరం కావాలి. మోటారు పెట్టిన రాకెట్‌ను బరువు సరితూగే చోట దారంతో కట్టి తల చుట్టూ తిప్పి చూడండి. ముక్కు ముందుండి సాగితే సరే, లేకుంటే ముక్కులో కాస్త బంకమట్టి పెట్టాలి.

మోటారు

కొత్తవారు వాడేది 18 మిల్లీమీటర్ల వ్యాసం, 70 మిల్లీమీటర్ల పొడవున్న కాగితపు గొట్టం. లోపల నల్లమందు, కింద మట్టితో చేసిన నాజిల్. పైన ‘బి6-4’ వంటి గుర్తు ఉంటుంది. అక్షరం మొత్తం శక్తిని చెబుతుంది. ‘ఏ’ తరగతి 2.5 న్యూటన్ సెకన్ల వరకు, ‘బి’ 5 వరకు, ‘సి’ 10 వరకు. మొదటి అంకె సగటు తోపు, న్యూటన్లలో. అయిదును ఆరుతో భాగిస్తే తెలుస్తుంది, ఈ మోటారు మండేది సెకను కూడా కాదు. ఆపైన రాకెట్ వేగం మీదే పోతుంది. చివరి అంకె అలా సాగే వ్యవధి, 4 సెకన్లు. అది ముగిశాక చిన్న మందు పేలి ముక్కును నెట్టి పారాషూట్‌ను బయటికి తోస్తుంది. పారాషూట్ కాలకుండా కింద నిప్పు అంటుకోని కాగితం ఉండచుట్టి పెట్టాలి.

ఎగరేయడం

కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె వంటి మెట్ట ఊళ్లలో ఖాళీ నేలకు కొదవ లేదు. కాలమే చూసుకోవాలి. ఆషాఢ గాలుల్లో రాకెట్ గాలికి ఎదురు తిరిగి పక్కకు పోతుంది, పారాషూట్ అరటి తోటల్లోనో సర్కారు తుమ్మ కంపల్లోనో చిక్కుతుంది. వేరుశనగ పీకేశాక వచ్చే చలికాలపు ఉదయాలు మేలు. ఆ పంటను వేళ్లతో పీకుతారు గనుక నిప్పంటుకునే మోళ్లు మిగలవు. అయితే వేరుశనగ కట్టె వాములకు, గడ్డివాములకు దూరంగా ఉండాలి. తుమ్మలపల్లె యురేనియం గని, శుద్ధి కర్మాగారం ఉన్న ఊరు కాబట్టి వాటి చుట్టుపక్కల ఈ సరదా అసలే వద్దు.

సి తరగతి మోటారుకు కనీసం 120 మీటర్ల మైదానం కావాలని అమెరికా నియమావళి చెబుతుంది. మూడడుగుల ఉక్కు కడ్డీకి నాళం తొడిగి, కింద రేకు పెట్టి, బ్యాటరీ మీటతో కనీసం 15 అడుగుల దూరం నుంచి వెలిగించాలి. అగ్గిపుల్ల పెట్టకూడదు. వెలగకపోతే మీటకుండే తాళంచెవి బయటికి తీసి ఒక నిమిషం ఆగాకే దగ్గరికి వెళ్లాలి. కరెంటు తీగల మీద పడితే వదిలేయాలి.

ఎంత ఎత్తు పోయిందో కొలవడం పిల్లలకు ఎగరేయడమంత సరదా. కోణమానినికి దారం, బరువు కట్టి 100 మీటర్ల దూరం నుంచి చూడాలి. శిఖరం 45 డిగ్రీల్లో కనిపిస్తే ఎత్తు 100 మీటర్లు, కంటి ఎత్తు అదనం.

చట్టం, నీటి రాకెట్

మన దేశంలో నల్లమందు మోటారు 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నిబంధనల పరిధిలోకి వస్తుంది. లైసెన్సు లేకుండా మందు కలపడం నేరం, పైగా చేతులు పోతాయి. అందుకే ఇక్కడ రాకెట్లు సంస్థల నీడలోనే ఎగిరాయి. శ్రీహరికోట నుంచి తొలి రాకెట్ 1971 అక్టోబరు 9న లేచింది. హైదరాబాదు సంస్థ స్కైరూట్ చేసిన 545 కిలోల విక్రమ్-ఎస్ 2022 నవంబరు 18న అక్కడి నుంచే 89.5 కిలోమీటర్లు ఎక్కింది.

బడి పిల్లలకు అందుబాటులో ఉన్నది నీటి రాకెట్. కూల్‌డ్రింకు సీసాలో మూడోవంతు నీరు పోసి, సైకిల్ వాల్వు బిగించిన రబ్బరు బిరడా పెట్టి, తలకిందులుగా నిలిపి పంపు కొట్టాలి. గాలి నీటిని కిందికి తోస్తే సీసా పైకి పోతుంది. నీరు లేకుంటే తోయడానికి బరువు ఉండదు, నీరు ఎక్కువైతే గాలికి చోటుండదు. రెక్కల లెక్క, ముక్కు బరువు లెక్క పైన చెప్పినవే. మంచినీళ్ల సీసా పలచన, ఒత్తిడికి పనికిరాదు. సోడా ఒత్తిడికి చేసిన సీసానే వాడాలి. పంపు కొట్టేవారు పొడవాటి గొట్టంతో దూరంగా ఉండాలి. నాలుగైదు సార్లు వాడాక సీసా మీద తెల్లటి గీతలు కనిపిస్తే దాన్ని పారేసి కొత్తది తీసుకోవాలి.