ధాత కరువునాటి చందాలు: బారామహలు సీమలో ప్రజాసహాయ నిధి

కృష్ణగిరి, హోసూరు ప్రాంతముల సేవాసంఘముల చరిత్రను వ్రాయబూనువారు సాధారణముగా ఇరువదవ శతాబ్దమునుండి ఆరంభింతురు. కాని పదిమంది కూడి చందాలు పోగుచేసి, లెక్కలు వ్రాసి, ఎక్కడికక్కడ సంఘముల నేర్పరచి ఆపన్నులను ఆదుకొను పద్ధతి ఈ సీమ చుట్టుప్రక్కల అంతకుముందే అడుగిడినది. దానికి కారణము 1876-78 నాటి మహాక్షామము. 1876 ధాత నామ సంవత్సర మగుటచే తెలుగువారు దానిని ధాత కరువనిరి. తమిళులు తాదు వరుష పంజమనిరి. రెండు భాషలవారును ఒకే సంవత్సరము పేరుతో ఒకే దుఃఖమును గుర్తుంచుకొనిరి.

కృష్ణగిరితో కూడిన బారామహలు 1792లోను, హోసూరు సీమ 1799లోను టిప్పు సుల్తాను రాజ్యమునుండి ఆంగ్లేయుల వశమై, పిమ్మట సేలం జిల్లాలో చేరినవి. 1965లో ధర్మపురి జిల్లా వేరుపడువరకు ఈ ప్రాంతపు లెక్కలన్నియు సేలం లెక్కలలోనివే. 2004లో ధర్మపురినుండి కృష్ణగిరి జిల్లా వేరుపడెను. ఇది మెట్టసీమ. రాగులు, ఉలవలు ఇచటి పంటలు. చెరువు నిండినచో పంట, నిండనిచో పస్తు. 1876లో నైరృతి ఋతుపవనము చాలీచాలక పోయెను. ఈశాన్య ఋతుపవనము బొత్తిగా ముఖము చాటువేసెను. చెరువులెండినవి. మేతలేక పశువులు మడిసినవి. అంగడిలో ధాన్యమున్నను కొనుటకు కూలివానికి శక్తి లేకపోయెను. ఆ సంవత్సరములలోనే భారతదేశపు రేవులనుండి గోధుమలు ఇంగ్లండునకు ఎగుమతి యగుచునే యుండెను.

ప్రభుత్వము ఊరకుండలేదు. కరువు పనులు తెరచెను. నేటికిని తెలుగువారెరిగిన బకింగ్‌హాం కాలువ పేరు నాటి మద్రాసు గవర్నరుదే. ఆ కాలువలో మద్రాసు నగరపు భాగమును 1877-78లో కరువు కూలీలే త్రవ్విరి. కాని 1877 జనవరిలో భారత ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డు టెంపుల్, వ్యయమును తగ్గింపనెంచి, పని చేయు పురుషునకు దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమునకు సరిపోవు సొమ్మును, పైన ఒక అణాను కూలిగా నిర్ణయించెను. శరీరశ్రమ చేయువానికి ఇది చాలదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించెను. కొన్ని నెలల పిమ్మట కూలి పెంచక తప్పలేదు. ఆలోగా ఎముకల గూళ్లై పనికి రాలేనివారెందరో!

తెలుగునాట దానధర్మములు క్రొత్తవి కావు. అన్నసత్రములు, చలిపందిళ్లు, చెరువులు త్రవ్వించుట పూర్వమునుండి గలవు. 1866 నాటి కరువులో కర్నూలు మండలమున ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరచి వేలమందికి అన్నము పెట్టెను. అట్టి దాతల పేర్లు తలచుట పుణ్యమే. అయినను ఒక దాత గాదె ఎంత పెద్దదైనను దాని చేయి తన సీమ దాటదు. దక్షిణదేశ మంతయు ఒక్కుమ్మడిగా ఎండిన 1877లో ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఒకే నిప్పులో నుండిరి. అప్పుడు దూరముననున్నవారి దానమును దగ్గరనున్నవారి తెలివితో కలుపవలసిన అగత్యమేర్పడెను.

1877 ఆగస్టు 4వ తేదీన మద్రాసులో బహిరంగసభ జరిగెను. లండను మొదలగు నగరముల మేయర్లకు తంతివార్తల ద్వారా విజ్ఞప్తి పంపిరి. తమకు ముందు తెలుపక చేసిన ఈ విజ్ఞప్తి భారత ప్రభుత్వమునకు రుచింపలేదు. ప్రాణములు నిలుపుట ప్రభుత్వపు బాధ్యత గనుక, దానధనము దానికి వెలుపలి పనులకే వినియోగింపవలెనను నియమము ఏర్పడెను. జనులు మాత్రము వెనుదీయలేదు. లండను మాన్షన్ హౌస్ నిధికే 5 లక్షల పౌనులకు పైగా చేరెను. నాటి మారకమున అది 50 లక్షల రూపాయలకు మించిన మొత్తము. మద్రాసు సంఘమునకు గౌరవ కార్యదర్శిగా పనిచేసిన విలియం డిగ్బీ ఆ చరిత్రను 1878లో రెండు సంపుటములుగా వెలువరించెను.

ప్రభుత్వము విధించిన ఆ నియమమే నిధికి ఒక విధముగ మేలు చేసెను. ప్రభుత్వము చేరలేని చోట్లను వెదకవలసివచ్చెను. కరువు శిబిరమునకు రాలేని ఘోషా స్త్రీలు, మానము చంపుకొని చేయి చాపలేని సంసారులు, తల్లిదండ్రులను కోల్పోయిన బిడ్డలు, ఎద్దులను, విత్తనములను పోగొట్టుకొన్న చిన్నరైతులు, వీరే నిధికి పాత్రులైరి. 1877 శరత్కాలమున వానలు కురిసినవి. కాని వాన కురిసిన మాత్రాన పంట పండదు. దున్నుటకు ఎద్దు లేదు, చల్లుటకు గింజ లేదు, తలదాచుకొనుటకు కప్పు లేదు. సరిగా ఆ అదనునకు నిధి ధనము చేతికందెను. విత్తనములకు, ఎద్దులకు, గుడిసెల కప్పులకు దానిని పంచిరి. గంజి ఒకనాటి ఆకలి తీర్చును. ఎద్దు, విత్తనము రైతును మరల రైతుగా నిలుపును.

ఎవనికి ఏమి కావలెనో లండనువారికి తెలియదు, మద్రాసు సంఘమునకును తెలియదు. జిల్లాలలో ఏర్పడిన స్థానిక సంఘములలో ఉద్యోగులు, మతబోధకులు, ఊరి పెద్దలు కూర్చుండి, నిజమైన లేమిని, నటనను వేరుపరచవలసివచ్చెను. ఊరిని ఎరిగినవాని మాటయే అచట పత్రము, అదే సాక్ష్యము. ఆ పనిలో పక్షపాతములును దొరలియుండవచ్చును. అయినను స్థానికుల సాయము లేనిచో ఆ ధనము మూటలలోనే మిగిలియుండెడిది.

ఈ నిధిని పొగడునపుడు దాని లోపమును మరువరాదు. అది ఆలస్యముగా వచ్చినది. వానలు తప్పిన తొమ్మిది పది నెలలకు గాని సభ జరుగలేదు. 1871లో 19,66,995గా నున్న సేలం జిల్లా జనసంఖ్య 1881లో 15,99,595కు దిగెను. వలసపోయినవారిని మినహాయించినను ఐదింట నొక వంతుకు చేరువైన ఈ తగ్గుదల భయంకరము. విత్తనము పుచ్చుకొనుటకు బ్రదికియున్నవాడే నిధికి కృతజ్ఞుడు కాగలిగెను.

ఆ గుణపాఠమునుండియే 1880 నాటి క్షామసంఘ నివేదికయు, క్షామ నిబంధనలును వెలువడినవి. తిరుపత్తూరు-కృష్ణగిరి (1905), మొరప్పూరు-ధర్మపురి (1906) చిన్న రైలుమార్గములు కరువునాట ధాన్యము చేరవేయు నుద్దేశముతో వేసినవే. తరువాత అవి తొలగిపోయినవి.

నేడు ఈ సీమ పట్టణములందు రోటరీ, లయన్స్ సంఘములు పనిచేయుచున్నవి. మొదటిది 1905లో చికాగోలో పుట్టి 1920లో కలకత్తాకు వచ్చెను. రెండవది 1917లో పుట్టి 1956లో భారతదేశమునకు వచ్చెను. 1925లో హెలెన్ కెల్లర్ చేసిన విజ్ఞప్తిపై లయన్స్ అంధుల సేవను చేపట్టిరి. రోటరీవారు 1985లో పోలియో నిర్మూలనకు పూనుకొనిరి. ప్రభుత్వము, ఆరోగ్యకార్యకర్తలు, దాతలు కలసి శ్రమింపగా 2011 జనవరి తరువాత ఈ దేశమున సహజ పోలియో కేసు కానరాలేదు. 2014లో ధ్రువీకరణము లభించెను. ఇచటను దూరపు ధనము, ఇంటింటి తలుపు తట్టిన స్థానికుల కాలినడక కలసినప్పుడే ఫలము చేకూరెను.

చందా పుస్తకమున మొత్తము ఎంతయైనదని లోకమడుగును. ధాత కరువు చరిత్ర మరి రెండు ప్రశ్నలు నేర్పుచున్నది: ఆ సొమ్ము అదనునకు అందినదా? అందుకొన్నవాడు మరుసటి యేడు చేయి చాపక బ్రదుకగలిగెనా? సభలలో చదువు లెక్కలకు ఈ రెండింటిని జతచేసిన సంఘమే ప్రజల విశ్వాసమునకు అర్హమగును.