తెరపై అక్షరము తేటపడిన కథ

మేము మాటను చెవికి చేర్చువారము. అక్షరమును కంటికి తేటగా చేర్చుటకు పాటుపడినవారి కథను నేడు చెప్పదలచితిమి.

కాగితముపై సిరాగీత ఎటు వంగినను తెగదు. కంప్యూటరు తెర అట్టిది కాదు. అది గళ్ల కాగితము వంటిది. ఒక్కొక్క గడిని పిక్సెల్ అందురు. గడిని వెలిగించుటయో ఆర్పుటయో తప్ప వేరు దారి లేని దినములలో, వంపు గల ప్రతి అక్షరమునకును అంచులు మెట్లు మెట్లుగా కనబడెడివి.

దీనికి కనుగొన్న తొలి విరుగుడు వింతయైనది. అంచునందలి గడులకు నలుపు తెలుపుల నడిమి బూడిద వన్నెలు అద్దిరి. 1980లో జాన్ వార్నాక్ అక్షరములకు ఈ పద్ధతి ఎట్లు పనికివచ్చునో వివరించుచు ఒక వ్యాసము ప్రకటించెను. దగ్గరగా చూచిన అంచు మసకగా నుండును. చదువు దూరమునుండి చూచిన నునుపుగా తోచును. కాని అక్షరము మిక్కిలి చిన్నదైనచో ఆ మసకయే గీతను మింగివేయును.

అందుచే రెండవ ఉపాయము కావలసివచ్చెను. గీత గడుల హద్దులపై సరిగా నిలుచునట్లు, దానిని కొంచెము జరుపవలెను. 1991లో ఆపిల్ సంస్థ వెలువరించిన ట్రూటైప్ విధానము అట్టి ఆదేశములను అక్షరములతోనే జతపరచుటకు వీలు కల్పించెను. 1996లో మైక్రోసాఫ్టు వెలువరించిన వెర్డానా అక్షరములను మాథ్యూ కార్టర్ మొదట గడులలోనే కూర్చి, పిదప వాని చుట్టును రేఖలు గీసెను. టామ్ రిక్నర్ వానికి ఆదేశములను సమకూర్చెను.

1998లో మైక్రోసాఫ్టు క్లియర్‌టైప్ అను పద్ధతిని ప్రకటించెను. ఎల్‌సీడీ తెరపై ప్రతి పిక్సెల్‌లోను ఎరుపు, పచ్చ, నీలి పట్టీలు పక్కపక్కన నుండును. వానిని విడివిడిగా వాడుకొనిన అడ్డము దిశలో సూక్ష్మత ఇంచుమించు మూడింతలగును. నిలువు దిశలో మాత్రము లాభము లేదు.

మన తెలుగునకు చిక్కు ఇచ్చటనే వచ్చినది. ఆంగ్లములో నిలువు గీతలు మెండు. ఈ పద్ధతి వానికి మేలు చేసెను. మన లిపికి తలకట్టు పైన, వత్తు క్రింద. 'స్త్రీ' అను ఒక్క అక్షరమున పైన గుడిదీర్ఘము, క్రింద రెండు వత్తులు గలవు. ఇవన్నియు కొలది గడుల ఎత్తులో ఇముడవలెను. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను తెలుగు ఫాంటు వచ్చినను ఈ ఇరుకు తీరలేదు. 2009లో విండోస్ 7తో వచ్చిన డైరెక్ట్‌రైట్ నిలువు దిశలోను అంచులను నునుపు చేసెను. 2010లో ఐఫోన్ 4 తెరపై అంగుళమునకు 326 పిక్సెళ్లు అమరెను. అట్టి దట్టమైన తెరలు వ్యాపించిన పిమ్మట వత్తులకు తగిన చోటు దొరకినది.

ఇది సొగసునకు సంబంధించిన ముచ్చట మాత్రమే యని తలపరాదు. వత్తు కనబడనిచో 'కల్ల' కాస్తా 'కల' యగును. పొలము పత్రమైనను, మందుల వివరమైనను నేడు చేతిఫోనులో చదువుకొనుచున్నాము. చూపు తగ్గిన పెద్దలకు ఆ వత్తు తేటగా కనబడుట ఎంతయో అవసరము. కావున తెలుగు అక్షరములను రూపొందించువారు వానిని చిన్న సైజున, చవుక ఫోను తెరపై కూడ పరీక్షించి చూతురుగాక యని మా కోరిక.